అచ్చయిన పేపర్‌లో నా పొరపాటు నాకే కనబడింది. చెప్పాలా, వద్దా?

ప్రశ్న: నేను పీహెచ్‌డీ ఐదో ఏడాదిలో ఉన్నాను. రెండేళ్ల క్రితం నా మొదటి పేపర్ మా రంగంలో మంచి పేరున్న జర్నల్‌లో అచ్చయింది. మొదటి రచయితను నేనే. ఇప్పటికి 34 సైటేషన్లు వచ్చాయి, అంటే 34 వేరే పేపర్లు దాన్ని ఉటంకించాయి. ఈ మధ్య థీసిస్ కోసం పాత డేటా తిరగేస్తుంటే కోడ్‌లో లోపం కనబడింది. రెండు ఫైళ్లను కలిపేటప్పుడు ఒకదాన్ని శాంపిల్ నంబర్ల వరుసలో పేర్చాను, రెండోదాన్ని పేర్చలేదు. దాంతో ఒక బ్యాచ్‌లో మందు వేసిన శాంపిళ్లు, వేయనివి తారుమారయ్యాయి. సరిచేసి చూస్తే మూడు ఫలితాల్లో మొదటిది నిలబడుతోంది, రెండోది దాదాపు మాయమైపోతోంది, మూడోది బలహీనపడుతోంది. గైడ్‌కు చెబితే "ఇన్నాళ్లూ ఎవరికీ కనబడలేదు, ఇప్పుడు కెలకొద్దు. థీసిస్‌లో సరైన లెక్క పెట్టుకో, చాలు" అన్నారు. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) దరఖాస్తులకు నా దగ్గరున్న పెద్ద పేపర్ అదొక్కటే. ఎంత పెద్ద తప్పు చేశానో అని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. పేపర్ వెనక్కి తీసుకుంటే నా కెరీర్ అయిపోయినట్టేనా?
– పేరు రాయవద్దని కోరిన పరిశోధక విద్యార్థిని

సమాధానం:

అమ్మా, మీరు అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. జర్నల్‌కు చెప్పాలి. థీసిస్‌లో సరైన లెక్క పెట్టుకుని పేపర్‌ను అలాగే వదిలేయడం కుదరదు. మీ కెరీర్ దీంతో అయిపోదు. కొంత ఇబ్బంది మాత్రం తప్పదు, దాన్ని కూడా దాచకుండా రాస్తాను. ఇంకో మాట. ఈ రాత్రికి రాత్రే ఎడిటర్‌కు మెయిల్ పంపేయకండి. దానికి ముందు రెండు మూడు వారాల పని ఉంది.

ఎంత పెద్ద తప్పు చేశానో అని రాశారు. మీకు జరిగింది పొరపాటు. రెండు ఫైళ్లు కలిపేటప్పుడు వరుస తప్పడం డేటాతో పనిచేసేవాళ్లలో చాలామందికి ఏదో ఒకనాడు ఎదురయ్యేదే. చాలాసార్లు అది అచ్చుకు ముందే దొరుకుతుంది. మీ విషయంలో ఆలస్యంగా దొరికింది. ఈ లోపం మీకు కనబడిన రోజు ఏదో మీ నోట్‌బుక్‌లో ఉంటుంది, లేకపోతే ఇవాళే రాసి పెట్టుకోండి. ఆ తేదీకి ముందు జరిగినదానికి మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ తేదీ తర్వాత కూడా అదే పేపర్‌ను దరఖాస్తులో పెట్టి, ఇంటర్వ్యూలో రెండో ఫలితం గురించి ధీమాగా మాట్లాడితే, అప్పుడు పొరపాటు అన్న మాట వర్తించదు. మీ నిద్ర చెడగొడుతున్నది ఇదేనని నాకు అనిపిస్తోంది. జరిగిపోయినదానికంటే, ఇకపై ప్రతి ఇంటర్వ్యూలోనూ మోయవలసినది ఎక్కువ బరువు.

దీని మీద నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి ఒక కారణం ఉంది. నేను అవతలి వైపు ఉండి చూశాను. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో వేరే బృందం అచ్చువేసిన ఒక ఫలితాన్ని పునాదిగా పెట్టుకుని ప్రయోగం మొదలుపెట్టాను. ఎనిమిది నెలలు చేశాను. రాలేదు. రానప్పుడల్లా లోపం నా చేతిలోనే ఉందనుకున్నాను. రసాయనాలు మార్చాను, పరికరాన్ని మళ్లీ సరిచూయించాను, సెలవు రోజులు కూడా ల్యాబ్‌లోనే గడిపాను. నాకు ఈ పని చేతకాదేమో, మానేద్దామా అని కూడా ఆలోచించాను. చివరికి ఒక సదస్సులో ఆ పేపర్ రచయితల్లో ఒకరు ఎదురుపడితే అడిగాను. "ఓ, అదా! అది మాకు కూడా తర్వాత రాలేదు" అన్నారు, ఎంతో మామూలుగా. ఆ మాట అచ్చులో ఎక్కడా లేదు. రెండు వాక్యాల సవరణ వేసి ఉంటే నాకు ఎనిమిది నెలలు మిగిలేవి. ఇన్నేళ్లయినా ఆ రోజు నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది.

మీ పేపర్‌ను 34 మంది ఉటంకించారు. వాళ్లలో అప్పటి నాలాంటివాళ్లు ఎందరున్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇక మీ భయం సంగతి. రిట్రాక్షన్, అంటే అచ్చయిన పేపర్‌ను ఉపసంహరించడం, అనే మాట వినగానే అందరికీ మోసం గుర్తుకొస్తుంది. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 2012లో వచ్చిన ఒక అధ్యయనం బయోమెడికల్ రంగంలో ఉపసంహరించిన 2,047 పేపర్లను పరిశీలించింది. వాటిలో 67.4 శాతం దుష్ప్రవర్తన వల్ల, అంటే మోసం, కాపీ, ఒకే పేపర్‌ను రెండుసార్లు అచ్చువేయడం లాంటి వాటి వల్ల వెనక్కి వెళ్లినవే. నిజాయతీగా జరిగిన పొరపాట్లు 21.3 శాతం. ఆ మూడింట రెండు వంతుల నీడ ఈ ఐదో వంతు మీద పడుతోంది. మీరు భయపడుతున్నది ఆ నీడకే. కానీ ఆ ఐదో వంతులో ఎవరెవరున్నారో ఒకసారి చూడండి.

జెఫ్రీ చాంగ్ అనే నిర్మాణ జీవశాస్త్రవేత్త 2001లో సైన్స్ పత్రికలో ఒక ప్రోటీన్ ఆకృతిని అచ్చువేశారు. కణం లోపలి మందులను బయటికి తోసే ప్రోటీన్ల కుటుంబంలోది అది. పెద్ద పేరొచ్చింది, వందల కొద్దీ సైటేషన్లు వచ్చాయి, ఆ వరుసలో మరికొన్ని పేపర్లూ వచ్చాయి. 2006లో స్విట్జర్లాండ్ పరిశోధకులు అదే కుటుంబంలోని మరో ప్రోటీన్ ఆకృతిని తేల్చితే అది చాంగ్ చెప్పినదానికి పూర్తిగా వేరుగా ఉంది. చాంగ్ తన డేటాను మళ్లీ తవ్వి చూసుకున్నారు. వేరే ల్యాబ్ నుంచి తమకు వచ్చిన ఒక చిన్న ప్రోగ్రామ్ రెండు వరుసల అంకెలను తారుమారు చేస్తోంది. దాంతో ప్లస్ మైనస్ అయింది, ప్రోటీన్ బొమ్మ అద్దంలో ప్రతిబింబంలా తిరగబడింది. ఐదు పేపర్లు వెనక్కి తీసుకున్నారు. మీ లోపానికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఆ మధ్య సంవత్సరాల్లో చాంగ్ ఆకృతికి పొసగని ఫలితాలు వచ్చినవాళ్లు వాటిని అచ్చు వేయించుకోవడానికి నానా తంటాలు పడ్డారు. వాళ్ల డేటా సరైనదే అయినా, పేరున్న పేపర్‌తో కలవడం లేదని, అచ్చుకు ముందు పేపర్లను పరిశీలించే రివ్యూయర్లు నమ్మలేదు. చాంగ్ మాత్రం పరిశోధన మానలేదు. 2009లో అదే రకం ప్రోటీన్లలో ముఖ్యమైన పీ-గ్లైకోప్రోటీన్ ఆకృతిని ఆయన బృందం అదే సైన్స్ పత్రికలో అచ్చువేసింది.

వరి మొక్కల రోగనిరోధక శక్తి మీద పనిచేసే పామెలా రోనాల్డ్ కథ మీకు ఇంకా ఉపయోగపడుతుంది. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు పాత ఫలితాలు మళ్లీ రాలేదు. కారణం వెతికితే బ్యాక్టీరియా రకాలకు అంటించిన పేర్లలో తేడా బయటపడింది, ఒక పరీక్ష కూడా నమ్మదగ్గది కాదని తేలింది. ఎవరో ఎత్తిచూపే దాకా ఆమె ఆగలేదు. సదస్సుల్లో తనే లేచి చెప్పారు, 2013లో రెండు పేపర్లు వెనక్కి తీసుకున్నారు. 2015లో తాము మొదటి నుంచీ వెతుకుతున్న అసలు అణువును సరిగ్గా గుర్తించి అచ్చువేశారు. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 2018లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. 2020 జనవరిలో, ఫలితాలు మళ్లీ రావడం లేదని ఒక పేపర్‌ను ఉపసంహరించుకుంటూ, ఆ పేపర్ పంపిన రోజుల్లో పని ఒత్తిడిలో తన బాధ్యత సరిగా నిర్వర్తించలేదని బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

వీళ్లంతా అప్పటికే నిలదొక్కుకున్నవాళ్లు, నా పరిస్థితి వేరు అని మీరు అనవచ్చు. నిజమే, వేరే. అందుకే పేర్ల మీద కాకుండా లెక్కల మీద ఆధారపడే మాట ఒకటి చెబుతాను. ఒక పేపర్ వెనక్కి వెళ్లాక ఆ రచయితల పాత పేపర్లకు వచ్చే సైటేషన్లు తగ్గుతాయా అని 2013లో ఒక అధ్యయనం పరిశీలించింది. తగ్గుతాయి. కానీ రచయితలే ముందుకొచ్చి తప్పు చెప్పిన చోట ఆ తగ్గుదల కనబడలేదు. అంటే తమంతట తాము చెప్పినవాళ్లనూ, పట్టుబడినవాళ్లనూ శాస్త్ర సమాజం ఒకే గాటన కట్టడం లేదు. ప్రచురణ నైతికత మీద జర్నళ్లకు సలహాలిచ్చే కోప్ అనే సంస్థ మార్గదర్శకాల్లో కూడా ఉపసంహరణ ముఖ్య ఉద్దేశం శాస్త్ర సాహిత్యాన్ని సరిచేయడమేనని, రచయితలను శిక్షించడం దాని పని కాదని స్పష్టంగా రాసి ఉంది.

"ఇన్నాళ్లూ ఎవరికీ కనబడలేదు" అని మీ గైడ్ అన్నారు. రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు ప్రసిద్ధ ఆర్థికవేత్తలు 2010లో దేశాల అప్పు, అభివృద్ధి మీద రాసిన పేపర్ ఎన్నో ప్రభుత్వాల చర్చల్లో వినబడింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు పనిలో భాగంగా ఆ లెక్కలు మళ్లీ చేయబోతే కుదరలేదు. రచయితలను అడిగి అసలు స్ప్రెడ్‌షీట్ తెప్పించుకున్నాడు. సగటు తీసే సూత్రంలో ఐదు దేశాల వరుసలు చేరనే లేదు! ఇంకొన్ని ఎంపికలు కూడా సరిచేశాక, అప్పు బాగా ఎక్కువైన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం కాస్తా 2.2 శాతం అయింది. ఏదో ఒకనాడు ఎవరో ఒకరు మీ డేటా కూడా అడుగుతారు. ఆ వచ్చేది కొత్తగా చేరిన ఒక విద్యార్థి కావచ్చు. పట్టుబడతారన్న భయంతో చెప్పమని నేను అనను, అది సరైన కారణమూ కాదు. కానీ ఎవరికీ కనబడదన్న ధీమాకు పునాది లేదని మీ గైడ్‌కు తెలియాలి.

ఆ ఒక్క పేపర్ పోతే ఏమీ మిగలదన్న మీ బెంగ గురించి కొంచెం ఎక్కువ రాయాలి. ఎందుకంటే ఆ బెంగలో సగం మీది కాదు. అది అంకెలు మీ నెత్తిన పెట్టిన బరువు.

జర్నల్ స్థాయికి కొలతగా వాడే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే అంకె ఎలా వస్తుందో గుర్తుచేస్తాను. గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లన్నీ కూడి, ఆ రెండేళ్ల పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. అంతే. అది జర్నల్ సగటు. ఆ సగటులో మీ పేపర్ ఎక్కడుందో అది చెప్పదు. యాక్టా క్రిస్టలోగ్రాఫికా ఏ అనే జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2008లో 2 దగ్గర ఉండేది, మరుసటి ఏడాది దాదాపు 50కి ఎగబాకింది. జర్నల్‌లో ఏమీ మారలేదు. స్ఫటికాల ఆకృతి తేల్చే ఒక సాఫ్ట్‌వేర్ గురించిన ఒకే ఒక పేపర్‌ను అది వాడినవాళ్లందరూ ఉటంకించారు. ఆ ఏడాది అదే జర్నల్‌లో అచ్చయిన మిగతావాళ్ల పని రాత్రికి రాత్రే 25 రెట్లు మెరుగైపోయిందా? నేచర్ పత్రిక తన అంకెను తానే విప్పి చూపిస్తూ 2005లో ఒక సంపాదకీయం రాసింది. ఆ అంకెకు కారణమైన సైటేషన్లలో 89 శాతం వాళ్లు వేసిన పేపర్లలో 25 శాతం నుంచే వచ్చాయట. ఈ అంకెను తయారుచేసిన యూజీన్ గార్ఫీల్డ్ కూడా ఇది అణుశక్తి లాంటిదని, మేలూ కీడూ రెండూ చేయగలదని రాశారు. లైబ్రరీలు ఏ జర్నళ్లు కొనాలో, సూచికలో ఏవి చేర్చాలో తేల్చుకోవడానికి పనికొచ్చే కొలతను మనుషుల మీద పెట్టడం మొదలైనప్పటి నుంచే ఈ టెన్షన్ అంతా.

సైటేషన్ సంఖ్యదీ ఇదే కథ. మీ 34లో మీ రెండో ఫలితం మీద ఆధారపడి కొత్త ప్రయోగం చేసినవి కొన్ని ఉంటాయి. ముందుమాటలో నలుగురితో పాటు మీ పేరూ తగిలించినవి చాలా ఉంటాయి. లెక్కలో రెండూ ఒకటే. హెచ్-ఇండెక్స్ అనేది 2005లో భౌతికశాస్త్రవేత్త హార్హే హిర్ష్ ప్రతిపాదించినది. ఒకరి పేపర్లలో పదింటికి కనీసం పదేసి సైటేషన్లుండి, పదకొండింటికి పదకొండేసి లేకపోతే వాళ్ల హెచ్-ఇండెక్స్ పది. దాని గురించి భయపడుతుంటే ఒక చిన్న లెక్క: ఒక పేపర్ తీసేస్తే, దానికి ఎన్ని సైటేషన్లున్నా, హెచ్-ఇండెక్స్ మహా అయితే ఒకటి తగ్గుతుంది. 

ఎంపిక కమిటీలన్నీ ఇంత వివేకంగా ఆలోచిస్తాయని మాత్రం మీకు చెప్పను. జర్నల్ అంకెతో మనుషులను తూచవద్దని డోరా ప్రకటన చెబుతోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2012లో రూపుదిద్దుకున్న ఆ ప్రకటన మీద వేల సంస్థలు సంతకం చేశాయి. సంతకం చేసిన చోట కూడా పాత అలవాటు పూర్తిగా పోలేదు. మీ దరఖాస్తు ఒకటి రెండు చోట్ల పక్కకు పోవచ్చు. ఒక ఏడాది వెనకబడవచ్చు. ఆ నష్టం నిజమైనదే, దాన్ని నేను చిన్నబుచ్చను. కానీ ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునేది ఒక ల్యాబ్ నడిపే మనిషి. తన ల్యాబ్‌లో చేరేవాళ్లు లోపం కనబడితే వచ్చి చెబుతారా, దాచేస్తారా అన్నదే ఆ మనిషికి అన్నిటికంటే పెద్ద చింత. నేనూ అలాంటి కుర్చీలో కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

ఇక పని.

ముందుగా పేపర్ సమయంలో వాడిన కోడ్, డేటా ఉన్నవి ఉన్నట్టు ఒక చోట భద్రం చేయండి. వాటిలో ఒక్క అక్షరం మార్చకండి. సరిచేసేది వేరే కాపీలో చేయండి. తర్వాత, మీ కోడ్ చూడని ఒక సహాధ్యాయికి ముడి డేటా, పేపర్‌లోని పద్ధతుల విభాగం మాత్రమే ఇచ్చి, మొదటి నుంచి తాజాగా లెక్క కట్టమనండి. మీ కోడ్ ఇస్తే మీ పొరపాట్లే వాళ్లకూ అంటుకుంటాయి. రెండు లెక్కలూ కలిస్తేనే ముందుకు వెళ్లండి. కంగారులో సరిచేసిన దాంట్లోనూ ఇంకో లోపం దొర్లితే, సవరణకు సవరణ వేయాల్సి వస్తుంది. అది చాలా బాధగా ఉంటుంది. అదే కోడ్ మీ ల్యాబ్‌లో ఇంకెవరైనా వాడారేమో కూడా కనుక్కోండి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్త. రెండో ఫలితం పోతోందని తెలిశాక దాన్ని ఎలాగైనా బతికించుకోవాలని మనసు లాగుతుంది. ఆ రెండు శాంపిళ్లు తీసేస్తే? ఇంకో గణాంక పరీక్ష వాడితే? అలా వెతుక్కుంటూ పోతే ఏదో ఒకటి దొరుకుతుంది, కోరుకున్నవాళ్లకు ఎప్పుడూ దొరుకుతుంది. ఇప్పటిదాకా మీ చేతులు శుభ్రంగా ఉన్నాయి. పేపర్‌లో ఏ పద్ధతి రాశారో అదే పద్ధతి, లేబుళ్లు మాత్రం సరిచేసి. వచ్చిన అంకె ఎంతైతే అంత.

సవరణా, ఉపసంహరణా అన్నది చివరికి ఎడిటర్ తేల్చుతారు. మీకు ముందే ఒక అంచనా కావాలంటే ఇలా చేయండి. మీ పేపర్ ప్రింటులో రెండో ఫలితానికి సంబంధించిన బొమ్మలు, పేరాలు పెన్నుతో కొట్టేయండి. ఆ తర్వాత శీర్షిక, సారాంశంలోని చివరి వాక్యం చదవండి. అవి ఇంకా నిజమేనా? నిజమైతే సరిచేసిన బొమ్మలతో వివరమైన సవరణ సరిపోవచ్చు. శీర్షికలోని మాటే రెండో ఫలితం మీద నిలబడి ఉంటే ఉపసంహరణే సరైనది. జామా అనే వైద్య పత్రిక లాంటి కొన్నిటిలో మధ్య దారి కూడా ఉంది. పొరపాటు నిజాయతీదే అయి, మిగిలిన పని విలువైనదైతే, పాతది వెనక్కి తీసుకుని సరిచేసిన పేపర్‌ను దాని స్థానంలో వేస్తారు. మీ జర్నల్ అలా చేస్తుందేమో అడగండి. మొదటి ఫలితం నిలబడుతోందన్నారు కాబట్టి ఆ అడగడంలో అర్థం ఉంది.

గైడ్‌తో మళ్లీ మాట్లాడాలి. మొదటిసారి మీరు వెళ్లినప్పుడు చేతిలో భయం ఒక్కటే ఉంది, ఆయనకూ అదే అంటుకుంది. ఆ పేపర్ ఆయన గ్రాంట్ నివేదికల్లో ఉంటుంది, ప్రమోషన్ ఫైల్లో ఉంటుంది. ఆయన చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ఈసారి కాగితాలతో వెళ్లండి: పాత పట్టిక, కొత్త పట్టిక, సహాధ్యాయి విడిగా కట్టిన లెక్క, ఎడిటర్‌కు ఉత్తరం చిత్తుప్రతి. "సర్, ఈ పేపర్ తరఫున జర్నల్‌తో మాట్లాడే కరెస్పాండింగ్ ఆథర్ మీరే. ఇది మీ పేరుతో వెళ్తే ల్యాబ్‌కూ మర్యాద, నాకూ ధైర్యం. ఈ నెలాఖరులోగా పంపుదామా?" అని అడగండి. తేదీ లేకపోతే ఇది ఎప్పటికీ వాయిదాల్లోనే ఉంటుంది. బయటికి వచ్చాక మాట్లాడుకున్నదంతా మర్యాదగా నాలుగు వాక్యాల్లో మెయిల్ చేయండి. రేపు ఎవరేమన్నారన్న ప్రశ్న వస్తే అది మీకు కాపు.

అప్పటికీ ఒప్పుకోకపోతే? సహ రచయితలందరికీ చెప్పండి, వాళ్ల పేర్లూ దాని మీద ఉన్నాయి, తెలుసుకునే హక్కు ఉంది. మీ డాక్టరల్ కమిటీలో మీరు నమ్మే ఒక సభ్యునితో విడిగా మాట్లాడండి. సంస్థలో పరిశోధన నైతికత చూసే అధికారి గానీ కమిటీ గానీ ఉంటే అక్కడికి వెళ్లండి. ఇవేవీ పనిచేయకపోతే మీరే ఎడిటర్‌కు రాయవచ్చు. పేపర్ మీద పేరున్న ఏ రచయితకైనా ఆ హక్కు ఉంది, మిగతావాళ్లు ఒప్పుకోకపోయినా జర్నల్ దాన్ని పరిశీలించాలి. కొందరు రచయితలు ఏకీభవించలేదని నోటీసులోనే రాసిన సందర్భాలు ఉన్నాయి. థీసిస్ మీద సంతకం, సిఫారసు ఉత్తరం ఆయన చేతిలో ఉన్నాయని నాకు తెలుసు. అందుకే ఆ చివరి మెట్టు ఎక్కేముందు కమిటీలో ఒక్కరైనా మీ వైపు ఉండేలా చూసుకోండి. ఒంటరిగా వెళ్లకండి.

ఎడిటర్‌కు రాసే ఉత్తరం చిన్నదిగా ఉండాలి. క్షమాపణలతో నింపకండి. ఇలాంటిది చాలు: "మా పేపర్‌లో విశ్లేషణ లోపం గుర్తించాం. రెండు డేటా ఫైళ్లను కలిపేటప్పుడు శాంపిళ్ల వరుస కుదరక ఒక బ్యాచ్‌లో లేబుళ్లు తారుమారయ్యాయి. సరిచేసిన విశ్లేషణలో మొదటి ఫలితం మారలేదు, రెండోది నిలబడలేదు, మూడోది బలహీనపడింది. కోడ్ చూడని మరొకరు విడిగా లెక్క కట్టి దీన్ని నిర్ధారించారు. పాత, కొత్త పట్టికలు, రెండు కోడ్‌లు, ముడి డేటా జతచేశాం. సవరణ సరిపోతుందా, ఉపసంహరణ అవసరమా అన్నదానిపై మీ సలహా కోరుతున్నాం." నోటీసు వేసేటప్పుడు లోపం ఏమిటో, దాన్ని రచయితలే కనుగొన్నారన్న మాట అందులో తప్పకుండా ఉండాలని పట్టుబట్టండి. కారణం రాయకుండా "రచయితల కోరికపై ఉపసంహరించాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే చదివేవాళ్లు చెడ్డదే ఊహించుకుంటారు. ఎడిటర్లు జవాబివ్వడానికి నెలలు పట్టవచ్చు. ఆరు వారాలకోసారి గుర్తుచేయండి.

థీసిస్ విషయంలో గైడ్ చెప్పిన దారి మీకే ప్రమాదం. ఒకే డేటా, ఒకే పేరు, పేపర్‌లో ఒక అంకె, థీసిస్‌లో ఇంకో అంకె. పరీక్షకుడు రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మీకు ముందే తెలుసని మీరే రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టవుతుంది. సరైన లెక్క థీసిస్‌లో పెట్టండి, దానితో పాటు ఈ లోపం ఎలా దొరికిందో, జర్నల్‌కు ఎప్పుడు తెలియజేశారో ఒక పేజీ రాయండి. దరఖాస్తుల్లో ఆ పేపర్ పక్కన "విశ్లేషణ లోపం గుర్తించి జర్నల్‌కు తెలియజేశాం, సవరణ పరిశీలనలో ఉంది" అని ఒక వాక్యం చేర్చండి. ఇంటర్వ్యూలో అడిగితే రెండు నిమిషాల్లో చెప్పి, ఇప్పుడు ఫైళ్లు కలిపే ముందు శాంపిల్ నంబర్లు ఎలా సరిచూసుకుంటున్నారో చూపించండి.

చివరిగా ఒక పని, దీనికి గైడ్ అనుమతి కూడా అక్కర్లేదు. ఆ 34 పేపర్లు డౌన్‌లోడ్ చేసి, మీ పేరు వచ్చిన వాక్యం ఒక్కొక్కదానిలో చదవండి. ఒక మధ్యాహ్నం పని. ఎక్కువమంది మీ మొదటి ఫలితాన్నో, పద్ధతినో ఉటంకించి ఉంటారు. రెండో ఫలితాన్ని ఆధారం చేసుకున్నవాళ్లను ఒక జాబితాగా రాసుకోండి. ఎడిటర్‌కు ఉత్తరం వెళ్లిన రోజే వాళ్లకూ నాలుగు వాక్యాల మెయిల్ పంపండి. నోటీసు అచ్చయ్యేసరికి నెలలు పట్టవచ్చు. ఈలోగా వాళ్లలో ఎవరో ఒకరు మీ పేపర్ ముందు పెట్టుకుని కొత్త ప్రయోగానికి శాంపిళ్లు సిద్ధం చేసుకుంటూ ఉండవచ్చు.